నాలుగు బారల లోతులో ఎరుపు

హేవ్‌లాక్, అండమాన్
3 నవంబరు 2024

బాబాయ్,

నేను కులాసా. నీ చెవులెలా ఉన్నాయని పోయిన ఆదివారం ఫోనులో పిన్నిని అడిగితే, "వాటికేం, ఉన్నాయి, కళ్లజోడు తగిలించుకోడానికి" అంది. అందుకని నీకు ఉత్తరం రాస్తున్నాను. నిజానికి నాకూ ఇదే నయం. మాట్లాడేటప్పుడు నాకు మాట సమయానికి దొరకదు.

వచ్చి మూడు నెలలైంది. పని నువ్వు భయపడినంత కష్టం కాదు. సముద్రం లోపలికి దిగి చూడ్డానికి వచ్చేవాళ్ల పేర్లు రాసుకోవాలి. బరువెంత, ఈత వచ్చా, చెవి నొప్పి ఉందా అని అడిగి సంతకం పెట్టించుకోవాలి. చెవి గురించి అడిగినప్పుడల్లా నువ్వు గుర్తొస్తావు. ముక్కు మూసుకుని చెవుల్లోకి గాలి నెట్టుకుంటూ కొంచెం కొంచెంగా దిగాలని ఇక్కడ మొదటిరోజే నేర్పుతారు. నీకెవరూ నేర్పలేదు.

వారానికి ఒకరోజు పనివాళ్లని కూడా దిగనిస్తారు. వీపుకి గాలి సీసా కట్టుకుని ఇప్పటికి పదకొండుసార్లు దిగాను. మాకు నేర్పే ఆవిడ పేరు సలోమి. వాళ్ల అమ్మానాన్నలు శ్రీకాకుళం నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చినవాళ్లు. తెలుగులో మాట్లాడుతుంది, హిందీలో తిడుతుంది. నన్ను తిట్టేది ఒక్కదానికే. దిగగానే రెండు చేతులూ చాపి తడుముతానట. "ఇక్కడన్నీ ప్రాణమున్నవి తులసీ. ముట్టుకుంటే చెడిపోతాయి. ఎవరు నేర్పారు నీకిలా?" అంది. మా బాబాయి గజఈతగాడు, గోదావరిలో మునిగిపోయినవాళ్లని బయటికి తెస్తాడు, లోపల కళ్లు మూసుకుని చేత్తోనే వెతకాలని నా చిన్నప్పుడు చెప్పాడు అన్నాను. ఆవిడ నా చేతులు రెండూ దగ్గరికి మడిచి పెట్టింది. తర్వాత, "ఇక్కడ తెరువు" అంది.

తెరిచాను బాబాయ్. ఏం చూశానో రాద్దామని రెండు కాగితాలు పాడుచేశాను. రాయడం రాలేదు. ముప్ఫై ఏళ్లు నీళ్లలో దిగావు, లోపల ఏముంటుందో నువ్వు ఒక్కసారీ చూడలేదు కదా అని మాత్రం అనిపించింది.

అందుకని కెమెరా కొనుక్కుందామనుకుంటున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. పడవ మీద తిరిగొచ్చేటప్పుడు అందరూ తలలు దగ్గర పెట్టుకుని, ఎవరి కెమెరాలో ఏం పడిందో చూసుకుంటారు. నేను ఇంజను పక్కన కూర్చుంటాను.

ఏ కెమెరా కొనాలో ఇంకా తేలలేదు. పాతిక సార్లు దిగేదాకా అసలు కొనొద్దంటుంది సలోమి. నువ్వేమంటావు?

తులసి


సఖినేటిపల్లి రేవు
16 నవంబరు 2024

అమ్మా తులసీ,

నీ ఉత్తరం పోస్టుమేన్ రేవు దాటించే పంటు దగ్గరే ఇచ్చేసేడు. నిలబడి ఒకసారి, ఇంటికొచ్చి ఒకసారి చదివేను. మేం బాగానే ఉన్నాం. మొన్న వానకి వంటింటి మీద రెండు పెంకులు జారేయి, సర్దేను.

అమ్మా, నువ్వు చేసే పని ఏంటో సరిగ్గా చెప్పు. దిగేవాళ్ల బరువు ముందే రాసుకుని సంతకం పెట్టించుకుంటారన్నావు. బరువెందుకు? పోతే పైకి లాగడానికి ఎంతమంది కావాలో చూసుకోడానికా? మా రోజుల్లో తాసీల్దారు గారు కూడా ఇంత ముందు జాగ్రత్త పళ్లేదు. ఇప్పటికి అక్కడ ఎంతమంది పోయేరు? వాళ్లని నీ చేత వెతికిస్తున్నారా? కెమెరా అందుకేనా? మన పని నీకొద్దనే కదా నిన్ను సిస్టర్ల బళ్లో వేసేను.

మీ పిన్ని పక్కన కూర్చుని ఏదో అంటోంది. పెదాలు చూసి రాస్తున్నాను. "ఆ పిల్లకి అన్నం వండుకోడం వచ్చిందో లేదో అడగవయ్యా, కెమెరా తర్వాత." అడిగేను.

నీకు దీపం గురించి ఒకటి చెప్పాలి. కెమెరాకి దీపం ఉంటుందంటారు. ఒకప్పుడు నరసాపురంలో పడవ ఇంజనీరు ఒకాయన నాకు నీళ్లలో వెలిగే టార్చి ఇచ్చేడు. ఎదురుగా పట్టుకుని వేస్తే బురద రేణువులన్నీ మెరిసి తెల్లటి గోడ కట్టినట్టయ్యింది, మనిషి కనపళ్లేదు. పక్కనుంచి, చెయ్యి దూరంగా చాపి వేస్తే కొంచెం నయం. అది ఒక్కసారే. ఆ తర్వాత వాడలేదు. లోపల కళ్లు తెరవకూడదని మా నాన్న చెప్పేడు, ఆయనకి వాళ్ల నాన్న చెప్పేడు. నువ్వూ మూసుకునే దిగు. సలోమమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

మీ బాబాయి
గంగయ్య


హేవ్‌లాక్
28 నవంబరు 2024

బాబాయ్,

నీ ఉత్తరం సలోమికి చదివి వినిపించాను. బరువు సంగతి వచ్చేసరికి నవ్వి నవ్వి గాలి సీసాల మీద కూర్చుండిపోయింది. ఇక్కడ ఎవరూ పోలేదు. మనిషి బరువుని బట్టి నడుముకి సీసం బిళ్లలు కట్టాలి, లేకపోతే తేలిపోతారు. అందుకు రాసుకుంటాం. వీళ్లు దిగేది చేపల్ని చూడ్డానికే. డబ్బిచ్చి మరీ దిగుతారు. నీకు నమ్మకం కలగదని తెలుసు.

అన్నం వండుకుంటున్నాను. ఒక్కదానికి గ్లాసుడు బియ్యం ఎక్కువవుతోంది, అరగ్లాసు చాలడం లేదు.

దీపం గురించి నువ్వు రాసింది చదివి సలోమి ఆశ్చర్యపోయింది. ఇక్కడ పెద్ద పెద్ద కెమెరాలున్నవాళ్లు కూడా దీపాన్ని పొడుగాటి చెయ్యికి బిగించి పక్కనుంచే వేస్తారు. వాళ్లు పుస్తకాలు చదివి తెలుసుకున్నది నువ్వు బురదలో తెలుసుకున్నావు.

నా ముందు రెండున్నాయి. ఒకటి అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, గట్టి డబ్బాలో ఉంటుంది. దీపం లేదు. ఎదురుగా ఉన్నదంతా వెడల్పుగా తీస్తుంది. కానీ వస్తువుకి చెయ్యంత దగ్గరికి వెళ్లాలి, దూరమైతే అంతా నీలం. రెండోది సలోమి స్నేహితురాలు వాడి అమ్ముతున్నది. మామూలు కెమెరానే. దానికి కళ్లద్దంలాంటి పెట్టె, పక్కన చిన్న దీపం. పెట్టె మూతకి రబ్బరు రింగు ఉంటుంది. దాని మీద ఒక్క వెంట్రుక పడినా నీళ్లు లోపలికి పోయి కెమెరా చచ్చిపోతుంది. మొదటిసారి కెమెరా లేకుండా ఖాళీ పెట్టెలో పలచటి కాగితం పెట్టి దింపి చూడాలట. కాగితం తడవకపోతే నమ్మొచ్చు.

దీపం ఎందుకంటే, లోపలికి దిగేకొద్దీ రంగులు పోతాయి. మొదట పోయేది ఎరుపు. నెత్తురు కూడా ఎర్రగా కనిపించదు. సలోమి వేలు కోసుకున్నప్పుడు చూశాను, నల్లగా పొగలా వచ్చింది. వస్తువు రంగు వస్తువులోనే ఉంటుంది. చూడ్డానికి సరిపడా వెలుతురే అక్కడిదాకా రాదు.

దిగేటప్పుడు ఇద్దరిద్దరు జతగా దిగాలి. పనివాళ్లం ఏడుగురం. అందుకని నేను ఎప్పుడూ ఎవరి జతకో మూడోదాన్ని. లోపల ఎవరూ మాట్లాడరు కాబట్టి తేడా పెద్దగా తెలియదు. పైకొచ్చాకే తెలుస్తుంది.

బాబాయ్, నాకొక ఆలోచన వచ్చింది. మాఘంలో సముద్రం పోటు వచ్చినప్పుడు మన రేవులో నీళ్లు తేటపడతాయని నువ్వే చెప్పేవాడివి. సెలవు దొరికితే కెమెరా పట్టుకుని వస్తాను. రేవులోనే దిగుతాను. అడుగున ఏముందో తీసి నీకు చూపిస్తాను. ముప్ఫై ఏళ్లు నువ్వు చేత్తో చూసిందాన్ని ఈసారి కంటితో చూద్దువుగాని.

తులసి


సఖినేటిపల్లి రేవు
11 డిసెంబరు 2024

అమ్మా తులసీ,

ఉత్తరం అందింది.

కెమెరా రేవుకి తీసుకురావద్దు. నువ్వు రా. కెమెరా వద్దు. ఇక్కడ అడుగున చూసేదేం లేదు, బురద, కొబ్బరి మట్టలు.

ఒకటి అడగాలి. ఎరుపు పోతుందన్నావే. ఎన్ని బారల దగ్గర పోతుంది? నాలుగు బారల్లో పోతుందా? ఎండ బాగా ఉన్నప్పుడు కూడానా? పోతే ఏ రంగు అవుతుంది? నల్లగా అన్నావు. మొత్తం నలుపేనా, చూసి పోల్చుకోవచ్చా? చేతికి అందేంత దగ్గరుంటే తెలుస్తుందా?

సలోమమ్మగారిని అడిగి సరిగ్గా రాయి.

మీ పిన్ని నీకు కొబ్బరి లౌజు పంపుతానంటోంది. అక్కడికి చేరేసరికి ఏమవుతుందో.

గంగయ్య


హేవ్‌లాక్
22 డిసెంబరు 2024

బాబాయ్,

నీ ఉత్తరం చూసి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇన్ని ప్రశ్నలు నన్నెవరూ అడగలేదు. సలోమిని అడిగితే, "నువ్వే చూసి చెప్పు, ఇప్పటికి పదహారుసార్లు దిగావు" అని దీపం ఉన్న కెమెరా ఒకరోజుకి ఇప్పించింది. ముందు ఖాళీ పెట్టెలో కాగితం పెట్టి దింపాను. తడవలేదు.

హాస్టల్లో జడలకి కట్టుకోడానికి నువ్వు రాజోలు సంతలో కొనిచ్చిన ఎర్ర రిబ్బను నా దగ్గరింకా ఉంది, పుస్తకంలో గుర్తుగా పెట్టుకుంటాను. దాన్ని చేతికి చుట్టుకుని దిగాను. తాడుని నా చేతులు రెండూ చాపి బారలుగా కొలుచుకున్నాను. ఒక బార దగ్గర ఎరుపే. రెండు బారల దగ్గర ఇటుక రంగు. నాలుగు బారల దగ్గర ఎండ బాగా ఉన్నా ముదురు గోధుమరంగు. మబ్బు పట్టగానే నలుపు. కొత్తవాళ్లెవరూ దాన్ని ఎరుపు అనరు. ఇక్కడి నీళ్లు అద్దంలా ఉంటాయి కాబట్టి ఇంతవరకైనా కనిపించింది, గోదావరి సముద్రంలో కలిసే మొగలాంటి చోట పచ్చటి నీళ్లలో ఇంకా ముందే పోతుంది అంది సలోమి. చేతికి అందేంత దగ్గరున్నా అంతే. పైనుంచి వెలుతురు ఆ నాలుగు బారలూ దిగి రావాలి కదా.

రెండు ఫొటోలు పంపుతున్నాను. రెండూ ఒకే చోట, ఒకే నిమిషంలో తీసినవి. మొదటిదానిలో దీపం లేదు. రెండోదానిలో ఉంది. రెండోది చూడు బాబాయ్, రిబ్బను ఎంత ఎర్రగా ఉందో! అది అంతసేపూ ఎర్రగానే ఉంది. మనకి తెలియలేదంతే. ఇవి నీకు నా కొత్త సంవత్సరం కానుక.

దీన్నిబట్టి దీపం ఉన్నదే కొనాలేమో అనిపిస్తోంది.

కెమెరా రేవుకి తేవద్దన్నావు. ఎందుకో నాకర్థమైందనే అనుకుంటున్నాను. గంగయ్య చదివించిన పిల్ల చివరికి గంగయ్య పనే చేస్తోందని రేవులో అంటారని. అంటే అననీ. నాకు సిగ్గులేదు. నీకుంటే మాత్రం తీసుకురాను.

తులసి


హేవ్‌లాక్
20 జనవరి 2025

బాబాయ్,

నెల అయింది, నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. ముందు తపాలా ఆలస్యం అనుకున్నాను. నిన్న ఫోనులో పిన్ని చెప్పింది. ఫొటోలు అందాయట. ఆ రోజు నుంచి నువ్వు సరిగ్గా తినడం లేదట. పెట్టెలోంచి నీ పాత ఎర్ర చొక్కా తీసి, పీకల్లోతు నీళ్లలోకి వెళ్లి, దాన్ని ముంచి చూస్తున్నావట, తీస్తున్నావట, మళ్లీ ముంచుతున్నావట. "నెత్తిన నీళ్లు పోసుకుని వస్తాడు, మాట్లాడడు. ఏం రాసేవే నువ్వు?" అని నన్నే అడిగింది. 

ఏం రాశానో ఇప్పుడు తెలిసిందనుకుంటున్నాను. ఇదంతా నా వల్లే. నీళ్ల గురించి రాసి రాసి నీకు మళ్లీ దిగాలనిపించేలా చేశాను. డాక్టరుగారు దిగొద్దన్నారు బాబాయ్. రెండో చెవి కూడా పోయాక తల తిరుగుడు వస్తుందని, నీళ్లలో పైకేదో కిందేదో తెలియదని చెప్పారు. నేనే కాగితం చదివి నీకు రాసి చూపించాను. మర్చిపోయావా?

నేను కెమెరా కొనడం లేదు. పెద్దవాళ్లని సలహా అడిగి వాళ్లు వద్దన్నది చేయకూడదు. నిన్న దిగలేదు. పడవ మీద అందరూ వెళ్తే నేను మా దుకాణంలోనే కూర్చుని, వాళ్లు తిరిగొచ్చాక దిగేటప్పుడు వేసుకునే తడి సూట్లు ఆరేశాను. ఏడు సూట్లలో నాదొక్కటే పొడిగా ఉంది. 

నీ మీద కోపం లేదు. ఒక్క కార్డు రాయి. బాగున్నాను అని రాస్తే చాలు. తక్కినవి రాయనక్కర్లేదు.

తులసి


సఖినేటిపల్లి రేవు
31 జనవరి 2025

అమ్మా తులసీ,

నేను నీళ్లలోకి దిగింది ఈతకి కాదు. నీకు చెప్పాలి. చెప్పకుండా ఉంటే నువ్వింకా తప్పంతా నీదే అనుకుంటావు.

మీ నాన్న పోయిన రోజు నీకు గుర్తుండదు, ఎనిమిదేళ్ల పిల్లవి. అప్పటికి అయిదేళ్లైంది మీ అమ్మ పోయి. మాఘం, గుడి దగ్గర తీర్థం జరిగే రోజు. మీ నాన్న ఆదినారాయణ, నేను ఇద్దరం ఒకే తాను గుడ్డతో ఎర్ర చొక్కాలు కుట్టించుకున్నాం. పొద్దున్న వేసుకుని రేవుకొస్తే మీ పిన్ని "పెళ్లి బ్యాండోళ్లు వచ్చేరు" అంది. అన్న పడవ తీసేడు. నేను గట్టు మీద ఉన్నాను. అవతలి నుంచి ఆరుగురిని ఎక్కించుకుని వస్తుంటే పడవ తిరగబడింది. అయిదుగురు తేలేరు. పలివెల నుంచి వచ్చిన కొబ్బరికాయల వర్తకుడు గోవిందరాజులు గారు తేల్లేదు. మీ నాన్న తేల్లేదు. గోవిందరాజులు గారి భార్య గట్టు మీద పడి ఏడుస్తోంది. నల్లచొక్కా అయ్యా, నల్లచొక్కా వేసుకున్నారు అని నా కాళ్లు పట్టుకుంది.

మా పనికి ఒక కట్టు ఉంది. ముందు ఏ మనిషి చేతికి తగిలితే ఆ మనిషిని తీసుకురావాలి. మనవాడా పరాయివాడా అని లోపల చూడకూడదు. చూసేది గట్టు మీద. అందుకే అమ్మా, కళ్లు మూసుకోమనేది. బురదకి కాదు. బురదలో తెరిచినా మూసినా ఒకటే. కనపడే రోజున తెరవకుండా ఉండడానికే ఆ అలవాటు.

ఆ రోజు పోటు నిండుగా ఉంది. నీళ్లు తేట. నేను కళ్లు తెరిచేను. మా అన్న కోసం.

నాలుగోసారి మునిగినప్పుడు పడవ కింద లంగరు తాడులో చిక్కుకుని ఒక మనిషి ఉన్నాడు. నాలుగు బారల లోతు ఉంటుంది. బోర్లా ఉన్నాడు. చొక్కా పట్టుకున్నాను. నల్లగా ఉంది. గోవిందరాజులు గారనుకున్నాను. అప్పటికి పడవ తిరగబడి పావుగంట. అన్న ఇంకా ఎక్కడో ఊపిరితో ఉంటాడని నా ఆశ. ముందు అన్నని తెచ్చి ఈయన కోసం మళ్లీ వద్దామనుకుని చెయ్యి వదిలేను. ఇంకో రెండుసార్లు వేరే వైపు వెతికేను. అప్పుడే కుడి చెవిలో టప్పుమంది. తిరిగొచ్చేసరికి పోటు తీసి పాటు మొదలయ్యింది. తాడు ఒక్కటే ఉంది.

మర్నాడు గోవిందరాజులు గారు అవతలి ఒడ్డున దొరికేరు. ఒంటి మీద చొక్కా లేదు. ఈదడానికి విప్పేసుకుని ఉంటాడని ఎవరో అన్నారు. కాదు, పాటుకి ఊడిపోయి ఉంటుందని నేను అనుకున్నాను. పదహారేళ్లు అలాగే అనుకున్నాను. చేతికి తగిలిన పరాయి మనిషిని వదిలేసేనన్న తప్పు ఒక్కటే నాదనుకున్నాను. మా అన్న మాత్రం నాకే కాదు, ఎవరికీ దొరకలేదు, అది నా తప్పు కాదు, నది తప్పు అనుకున్నాను.

నీ ఫొటోలు చూసేక నా చొక్కా తీసుకెళ్లి ముంచి చూసేను. పీకల్లోతులో ఎర్రగానే ఉంది. అంతకన్నా లోతు నేను దిగలేను. అందుకని నీ ఫొటోనే నమ్మాలి.

కెమెరా తేవద్దన్నది రేవులో నలుగురూ ఏమంటారోనని కాదు. అడుగున ఆ లంగరు ఇంకా ఉంది. నీకు కనపడుతుందేమోనని.

ఇదెవరికీ చెప్పలేదు. మీ పిన్నికి కూడా. ఇది రాస్తూ ఆవిడ చూస్తుందేమోనని చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆవిడకి చదవడం రాదన్న సంగతి ఇప్పుడే గుర్తొచ్చింది.

నువ్వు కెమెరా కొనుక్కో. నా మాట మీద మానెయ్యకు. నాకు ఉత్తరం రాయాలని లేకపోతే రాయకు.

గంగయ్య


హేవ్‌లాక్
16 ఫిబ్రవరి 2025

బాబాయ్,

నీ ఉత్తరం పదో తారీకున అందింది. చదివి, మడిచి, పనిలోకి వెళ్లాను. పేర్లన్నీ జాగ్రత్తగానే రాశాననుకున్నాను. సాయంత్రం సలోమి చూసి, "ఇదేమిటి, వచ్చే వారం దిగేవాళ్లందరికీ ఒకే తేదీ వేశావు" అంది.

కోపం రాలేదని చెప్పను. రెండు రోజులు ఉంది. ఎవరి మీదో ఎంత ఆలోచించినా తేలలేదు. నీ మీద పెట్టి చూశాను, నిలబడలేదు. నా చేతికి నేను రిబ్బను చుట్టుకున్న రోజు మీదే ఎక్కువ వచ్చింది.

మూడో రోజు సలోమికి చెప్పాను. నీ పేరు చెప్పే చెప్పాను, క్షమించు. నాకింకెవరూ లేరు. ఆవిడ ఓదార్చలేదు. "పద" అంది.

ముందు రోజు పెద్ద వాన. జెట్టీ పక్కన నీళ్లు మన రేవులాగే పచ్చగా, మసగ్గా ఉన్నాయి. ఇద్దరమే వెళ్లాం. నేను మూడోదాన్ని కాని మొదటిసారి అది. ఆవిడ దగ్గర ఏడు గుడ్డముక్కలున్నాయి. కొన్ని ఎరుపు, కొన్ని నలుపు. ఏవి ఎన్నో నాకు చెప్పలేదు. నాలుగు బారల దగ్గర ఆగాం. ఒక్కొక్కటే నా చేతికి అందేంత దగ్గర పట్టుకుంది. ఎరుపైతే నేను బొటనవేలు పైకి, నలుపైతే కిందికి చూపించాలి. ఆవిడ పలక మీద రాసుకుంది.

ఏడింటిలో నాలుగు తప్పు చెప్పాను.

నేను ఊపిరి బిగబట్టి లేను బాబాయ్. వీపు మీద గంటకి సరిపడా గాలి ఉంది. చెవులు బాగున్నాయి. గట్టు మీద ఎవరూ నా కాళ్లు పట్టుకోలేదు. నేను వెతికేది ఎవర్నీ కాదు. లోపల ఎరుపు నల్లగా కనిపిస్తుందని నాకు ముందే తెలుసు. ఇన్ని ఉండి, నాలుగు తప్పు. 

ఆ తాడులో ఉన్నది నాన్నో, గోవిందరాజులు గారో మనకిక తెలియదు. నేను తెలుసని అబద్ధం చెప్పను, నాన్న కాదనీ చెప్పను. కట్టు తప్పి కళ్లు తెరిచానన్నావు. అది నిజమే. కానీ తెరిచినా నీకు చూపించడానికి అక్కడ వెలుతురు లేదు. ఇంతవరకే నాకు తెలిసింది.

ఇంకొకటి. ఆ రోజు నాన్న ఎర్ర చొక్కా వేసుకున్నాడని నాకు ఇప్పటిదాకా తెలియదు. పిన్ని మిమ్మల్ని పెళ్లి బ్యాండువాళ్లన్నదీ తెలియదు. నాన్న గురించి కొత్త సంగతి విని చాలా ఏళ్లయింది. ఇక దొరకవనుకున్నాను. అది రెండుసార్లు చదివాను. నవ్వే వచ్చింది ముందు.

కెమెరా కొన్నాను. చిన్నదే, దీపం లేనిదే. నీకు కనిపించినట్టే నాకూ కనిపిస్తే చాలు. దాంతో తీసిన మొదటి ఫొటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను. సలోమి రెండు చేతుల్లో రెండు గుడ్డముక్కలున్నాయి. ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. ఏది ఏదో నువ్వు చెప్పు. నన్ను అడగకు, ఆ సంగతి నాకు చెప్పొద్దని సలోమికి చెప్పాను.

అన్నం తిను. ఇది పిన్ని మాట కాదు, నాదే.

తులసి


సఖినేటిపల్లి రేవు
2 మార్చి 2025

అమ్మా తులసీ,

ఫొటో వచ్చింది. ఎడంచేతిదే ఎరుపు అనుకున్నాను. పొద్దున్న ఎండలో చూస్తే కుడిచేతిదనిపించింది. మీ పిన్నిని అడిగితే, "రెండూ మసిగుడ్డలే, ఆవిడెవరో పాపం గిన్నెలు దించుతోంది" అంది.

అప్పుడు చెప్పేసేను. మొత్తం. నా గొంతు నాకు వినపడదు కదా, గట్టిగా చెప్పేనో మెల్లగా చెప్పేనో తెలీదు. పక్కింటివాళ్లు కూడా విని ఉంటారు. మీ పిన్ని మొహం గోడ వైపు తిప్పుకుని ఏదో అంది. పెదాలు కనపళ్లేదు. ఏమందో అడిగితే మళ్లీ చెప్పలేదు. లేచి అన్నం పెట్టింది. తిన్నాను.

ఎర్ర చొక్కా ఉతికి ఆరేసేం. నీకు పనికొస్తుందంటే పంపుతాను. పెద్దదవుతుంది.

వచ్చే మాఘంలో సెలవు పెట్టుకో. పోటు నిండే వేళ చూసి రా. సలోమమ్మగారు కూడా వస్తే మంచిది, జతకి. కెమెరా తెచ్చుకో. ఆ లంగరు ఎక్కడుందో గట్టు మీద నిలబడి నేను గుర్తు చూపించగలను. దిగేటప్పుడు నీ చెయ్యి పట్టుకుని నడుం లోతు దాకా నేనూ వస్తాను. కళ్లు మూసుకోమని ఈసారి చెప్పను.

మీ బాబాయి
గంగయ్య